మైకులో చేసిన ప్రార్థన

నా కడుపులో పడిన రహస్యం ఇంతవరకు ఒక్కటి కూడా బయటికి రాలేదు. డెబ్బై రెండేళ్లుగా మా చుట్టుపక్కల ఎవరికి ఏ గుట్టు ఉన్నా నా దగ్గరే దాచుకుంటారు. ఆ మధ్య సంగారెడ్డిలో డాక్టరు నా కడుపు స్కానింగ్ తీసి బెదిరిపోయాడు. లోపల నూట పద్దెనిమిది రహస్యాలు దుప్పట్లు కప్పుకొని వరుసగా పడుకొని ఉన్నాయట. ఒక్కటి లేచినా ఊరికి ప్రమాదమని, కదలకుండా చూసుకోమని మందు రాసిచ్చాడు.

సరే, కథలోకి వస్తాను.

ఆదివారం పదకొండు కావస్తోంది. చర్చిలో పిల్లల వంతు వచ్చింది. మా చర్చి అంటే పెద్ద భవనమేమీ కాదు. భానూర్ దాటాక, పైపుల కంపెనీ ప్రహరీని ఆనుకొని ఒక రేకుల షెడ్డు. ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు చాపల మీద కూర్చుంటాం. నెలలో మూడో ఆదివారం పిల్లల్లో ఒకరు ముందుకు వచ్చి, మైకు పట్టుకొని, కష్టంలో ఉన్నవాళ్ల కోసం ప్రార్థన చేయాలి. ఆ రోజు వంతు నా మనవరాలు హర్షిణిది.

హర్షిణి ఐదో తరగతి. దానికి కాళ్లు ఊరుకోవు, చేతులు ఊరుకోవు, నోరు అసలే ఊరుకోదు. అది కూర్చుంటే చాపే నడుస్తుంది. ఒకసారి ఆరాధన మొదలైనప్పుడు గుమ్మం దగ్గరున్న చాప, ముగిసేసరికి పాస్టరు గారి కుర్చీ కింద తేలింది.

సండే స్కూల్ టీచర్ ప్రేమలత ఆ మధ్య పిల్లలకు ఒక పని చెప్పింది. తలా ఒక నోట్‌బుక్ పెట్టుకోవాలి. ఎవరికి జ్వరమో, ఎవరికి పరీక్షలో అందులో రాసుకొని, రోజూ వాళ్ల కోసం ప్రార్థించాలి. మంచి పనే. కానీ హర్షిణి దాన్ని పరుగుపందెం చేసింది. తోటి పిల్లాడు సందీప్ నోట్‌బుక్‌లో తొమ్మిది పేర్లుంటే దీనిదాంట్లో నలభై. ఎదురుపడిన ప్రతివాళ్లనూ ఆపి, నీకేం కష్టముందని అడిగేది. ఏమీ లేదన్నవాళ్ల మీద అలిగేది. కిరాణా కొట్టువాళ్ల మేకకు కాలు బెణికితే దాన్ని కూడా రాసుకుంది.

ఆ నోట్‌బుక్‌తోనే మైకు ముందు నిలబడింది. జ్వరాలు అయ్యాయి, పరీక్షలు అయ్యాయి, మేక కూడా అయింది. అందరం కళ్లు మూసుకొని ఆమెన్, ఆమెన్ అంటున్నాం. అప్పుడు హర్షిణి పేజీ తిప్పింది.

"ప్రభువా, మా బాలరాజ్ మామకు చదువు రాదు. మా తాత దగ్గర అ ఆలు నేర్చుకుంటుండు. గుణింతాల కాడ ఆగిపోయిండు. ఆయనకు జల్దీ చదువు వచ్చేటట్టు చెయ్యి తండ్రీ."

అలవాటు కొద్దీ నలుగురు ఆమెన్ అన్నారు. మా షెడ్డు మీద లౌడ్‌స్పీకర్ ఉంది. దాని మూతి రోడ్డు వైపుకు ఉంటుంది. రోడ్డు అవతల చాయ్ హోటల్లో కంపెనీ కుర్రాళ్లు కూర్చుంటారు. వాళ్లు నవ్విన నవ్వు మాకు లోపలికి వినిపించింది.

నేను కళ్లు తెరిచాను.

బాలరాజ్ నా ముందు వరుసలోనే ఉన్నాడు. పైపుల కంపెనీలో లోడింగ్ పని చేస్తాడు. నలభై ఏళ్ల మనిషి. చర్చిలో ఏ బరువు ఎత్తాలన్నా ఆయన్నే పిలుస్తాం. చిన్నప్పుడు ఒకరి దగ్గర పశువులు కాశాడు, బడిని బయటి నుంచే చూశాడు. ఆ సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ తెలియనివ్వలేదు. చర్చిలో ఒక్కో ఇంటివాళ్లకు బైబిల్ వాక్యం చదివే వంతు వస్తుంది. ఆయన వంతు వచ్చినప్పుడల్లా గొంతు పట్టేసేది, లేదంటే డ్యూటీ పడేది. ఆయన బదులు కూతురు స్నిగ్ధ చదివేది. ఈ ఏడు మాత్రం చర్చిలో జరిగే పంట పండుగ నాడు తానే చదవాలని ఆయనకు పట్టుదల కలిగింది. ఎవరికీ తెలియకుండా నేర్పమని నన్ను అడిగాడు. రోజూ సాయంత్రం ఐదింటికి చర్చి వెనక చాపల గదిలో తలుపు దగ్గరగా వేసుకొని చదువుకుంటున్నాం.

ఇప్పుడు ఆ తలుపు మైకులో తెరుచుకుంది.

బాలరాజ్ లేచాడు. చేతిలోని పుస్తకం మూసి చాప మీద పెట్టాడు. తల ఎత్తకుండా బయటికి నడిచాడు. ఆడపిల్లల వరుసలోంచి స్నిగ్ధ లేచి, హర్షిణిని ఒక్కసారి చూసి, తండ్రి వెనకే వెళ్లిపోయింది.

హర్షిణికి ఆ సంగతి ఎవరు చెప్పారని మీరు అడుగుతారు. నేనే. నూట పద్దెనిమిది రహస్యాల మాట మరిచిపోండి. నా కడుపులో ఏ రహస్యమూ ఒక పూట కంటే నిలవదు. స్కానింగ్ తీసిన మాట నిజమే. లోపల దొరికింది గ్యాస్.

జరిగింది ఇది. హర్షిణి పాత రెండో తరగతి వాచకాన్ని నేను బాలరాజ్ కోసం తీసుకెళ్లాను. పుస్తకం ఏమైందని అది నా ప్రాణం తీసింది. రహస్యమన్నాను. నీకు ఎవరు చెబుతారు తాతా రహస్యాలు, నువ్వు అరగంటలో ఊరంతా పంచుతావు కదా అని నవ్వింది. నాకు పౌరుషం వచ్చింది. నాకూ చెప్పేవాళ్లు ఉన్నారని చూపించడానికి మొత్తం చెప్పేశాను. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు మాత్రం వేయించుకున్నాను.

ఆ రోజు ఇంటికి వచ్చాక దాన్ని గట్టిగా కోప్పడ్డాను. అది బిక్కమొహం పెట్టింది.

"ఎవ్వలకు చెప్పొద్దన్నవ్ తాతా. దేవునికి చెప్పొద్దనలే గద."

నేను నిజంగానే ఆ మాట అనలేదు.

సోమవారం బడి ఆటోలో స్నిగ్ధ ఎప్పటిలా హర్షిణి పక్కన కూర్చోలేదు. ముందుకు వెళ్లి డ్రైవర్ పక్కన ఇరుక్కుంది. మధ్యాహ్నం అన్నం గంటకు హర్షిణి తన డబ్బా పట్టుకొని వెతుక్కుంటూ వెళ్లింది. స్నిగ్ధ కుళాయి దగ్గర ఒక్కతే ఉంది.

"మా నాయినకు కంపెనీల ఏం పేరు పెట్టిన్రో ఎర్కనా? గుణింతం. ఆయన పైపులు మోస్తుంటే ఎనుకకెల్లి క కా కి కీ అని పాడుతున్నరంట."

తాను మంచికే ప్రార్థన చేశానని హర్షిణి అంది.

"మంచికైతే మా నాయిన అన్నమెందుకు తింటలేడు?" అని అడిగి స్నిగ్ధ వెళ్లిపోయింది.

ఈ మాటలు హర్షిణి ఆ సాయంత్రం నాకు చెప్పింది. నిలబడి సగం చెప్పింది, గుమ్మం ఎక్కి సగం, దిగి సగం. సగాలు రెండే ఉంటాయని మీ లెక్కల సారు చెప్పి ఉంటాడు. హర్షిణికి మూడు ఉంటాయి.

ఐదింటికి నేను చాపల గదికి వెళ్లాను. ఆరు దాకా కూర్చున్నాను. బాలరాజ్ రాలేదు. మంగళవారం రాలేదు. బుధవారం రాలేదు. నేను తిరిగి రావడం ఆలస్యం, వచ్చాడా తాతా అని హర్షిణి ఎదురొచ్చేది. రాలేదంటే లోపలికి వెళ్లి పుస్తకం తీసేది, మూసేది, మళ్లీ బయటికి వచ్చేది. మంచినీళ్ల కుళాయి తిప్పి మరిచిపోయి వాళ్లమ్మతో తిట్లు తింది. పంట పండుగకు ఇంకా అయిదు వారాలు ఉన్నాయి. బాలరాజ్ చదువు ఇక్కడే ఆగిపోతే మళ్లీ మొదలుకాదని నాకు తెలుసు. ఆ భయం దానికీ పట్టుకుంది.

గురువారం అది ఒక ఉపాయం కనిపెట్టింది. వచ్చే ఆదివారం మైకులో బాలరాజ్ మామకు సారీ చెబుతుంది. రెండు పేజీలు రాసింది. చదివి వినిపించడానికి ప్రేమలత ఇంటికి పరుగెత్తింది. నేను వెనకాలే వెళ్లాను.

ప్రేమలత పెసలు చెరుగుతోంది. చేట ఆపకుండానే రెండు పేజీలూ విన్నది. చివరికి చేట కింద పెట్టింది.

"ఆయన పేరు చదివినప్పుడు నీ మనసుల ఆయన ఉండెనా, నీ నోట్‌బుక్ ఉండెనా?"

హర్షిణి రెండు పేజీలూ మడిచింది. "నలభై దాటుతదని..." అని ఆగింది.

"మైకుల మల్ల చెప్తే మరిచిపోయినోళ్లకు గూడ యాదికొస్తది బిడ్డా. ఆయనకు చెప్పేది ఆయన ఇంటికాడ చెప్పు."

"ఇంటికాడ భయమైతది టీచర్."

"అయితది. నాకైనా అయితది," అంది ప్రేమలత. తరువాత నా వైపు చూసింది. నేను పెసల వైపు చూశాను.

వెంటనే వెళ్లామని మీరు అనుకుంటున్నారేమో. వెళ్లలేదు. ఒకరోజు వాన వచ్చింది. ఒకరోజు ఆయనకు డ్యూటీ ఉంటుందనుకున్నాం. ఇంకో రోజు నాకు మోకాలు నొప్పి వచ్చింది, అది కూడా సరిగ్గా చెప్పులు వేసుకున్నాకే వచ్చింది. హర్షిణి రోజూ చెప్పులు తొడుక్కునేది, రోడ్డు దాకా వెళ్లేది, తిరిగి వచ్చేది. అలా పది రోజులు గడిచాయి.

కొత్త నెల మొదటి ఆదివారం వచ్చింది. ఆ రోజు మాకు ప్రభు బల్ల ఉంటుంది. రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ముందు పాస్టరు గారు ప్రతిసారీ ఒక మాట చెబుతారు. మీకు ఎవరితోనైనా మనస్పర్ధ ఉంటే ముందు వెళ్లి సమాధానపడండి, తరువాత ఇక్కడికి రండి అని. నలభై ఏళ్లుగా వింటున్నాను. ఆ మాట వచ్చే సమయానికి నేను మామూలుగా ఇంట్లో ఏం కూర వండారా అని ఆలోచిస్తుంటాను. ఆ రోజు బాలరాజ్ కూర్చునే చోటు ఖాళీగా ఉంది. ఎంత ఆలోచించినా కూర గుర్తుకు రాలేదు.

అందరితోపాటు లేచి వరుసలో నిలబడ్డాను. నా ముందు ముగ్గురు ఉన్నారు. తరువాత ఇద్దరు. వెనక్కి తిరిగి, చాపల మధ్య నుంచి నడిచి, గుమ్మం దాటాను. ముసలాయనకు కడుపు పాడైందనుకొని ఒకాయన బాత్‌రూమ్ వైపు చేయి చూపించాడు. నేను గేటు వైపు నడిచాను. వెనక టపటపమని చెప్పుల చప్పుడైంది. హర్షిణి.

ఆగిన లారీల మధ్య నుంచి బయటపడ్డాం. కంపెనీ గోడ పొడుగునా నడిచాం. ముందు నువ్వు చెబుతావా తాతా, నేను చెప్పాలా అని పదకొండు సార్లు అడిగింది. నా ముందుకు ఉరుకుతుంది, మళ్లీ వెనక్కి వస్తుంది. నేను ఒక మైలు నడిస్తే అది మూడు మైళ్లు నడిచింది.

గోడ చివర కిరాయి గదుల వరుస ఉంది. మూడో గది ముందు బాలరాజ్ సైకిల్ తలకిందులుగా పెట్టి చైనుకు గ్రీజు పూస్తున్నాడు. స్నిగ్ధ తీగ మీద బట్టలు ఆరేస్తోంది. మమ్మల్ని చూసి ఇద్దరూ పలకరించలేదు.

దారిలో నేను మంచి మాటలు తయారు చేసుకున్నాను. వాటిలో ఒక ఏనుగు, ఒక రాజు కూడా ఉన్నారు. బాలరాజ్ మొహం చూశాక ఏనుగూ రాజూ ఎటో వెళ్లిపోయారు.

"నేనే చెప్పిన బాలరాజ్. దీనికి నేనే చెప్పిన," అన్నాను.

"ఎర్కనే పెద్దయ్యా. నీకు తప్ప ఇంకెవరికి తెలుసు?" అన్నాడు తల ఎత్తకుండా.

హర్షిణి నా వెనక నుంచి ముందుకు వచ్చింది. రెండు పేజీలు దాని చేతిలో లేవు.

"నువ్వు చెప్పుమనలే మామా. నేను అందరి ముందట చెప్పిన. నా నోట్‌బుక్‌ల ఎక్కువ పేర్లు ఉండాలని చెప్పిన. తప్పయింది."

బాలరాజ్ పెడల్ తిప్పాడు. చక్రం చాలాసేపు తిరిగింది. అది ఆగాక అన్నాడు.

"ఇరవై ఏండ్లు దాచిన బిడ్డా. పక్కనోడు పేజీ తిప్పితే నేను గూడ తిప్పిన. పక్కనోడు తలకాయ ఊపితే నేను గూడ ఊపిన." గ్రీజు చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "ఇప్పుడు అందరికి ఎర్కైంది."

పర్వాలేదులే అంటాడేమోనని నేను ఎదురుచూశాను. అనలేదు. నవ్వనూ లేదు. హర్షిణి కూడా ఏమీ అడగకుండా అక్కడే నిలబడింది. స్నిగ్ధ ఆఖరి బట్ట ఆరేసి లోపలికి వెళ్లిపోయింది.

కాసేపటికి బాలరాజ్ నన్ను అడిగాడు. "బల్ల తీసుకున్నవా?"

లేదన్నాను.

"మరి పో పెద్దయ్యా. అయిపోతది."

మేము వచ్చేసరికి నిజంగానే అయిపోయింది. చాపలు చుడుతున్నారు. ఎక్కడికి వెళ్లావని పాస్టరు గారు అడిగారు. నా నాలుక దురద పెట్టింది. ఇరవై రెండు చక్రాల లారీ మా తల మీదుగా ఎగిరిన సంగతి నుంచి మొదలుపెడదామనుకున్నాను. మింగేశాను. కొంచెం పని ఉండిందన్నాను. అవతల సందీప్ హర్షిణిని పట్టుకొని ఏమైంది, ఏమైంది అని గుచ్చి గుచ్చి అడుగుతున్నాడు. అది చాప రెండో చివర పట్టుకొమ్మని వాడికి అందించింది.

సోమవారం బాలరాజ్ రాలేదు. మంగళ, బుధవారాలూ రాలేదు. గురువారం ఐదు దాటాక గది బయట సైకిల్ స్టాండు వేసిన చప్పుడైంది. బాలరాజ్ చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. వెనక స్నిగ్ధ పలక పట్టుకొని వచ్చింది.

"యాడ ఆగినం పెద్దయ్యా?" అని చాప మీద కూర్చున్నాడు.

హర్షిణి లోపలికి రాలేదు. బయట మెట్టు మీద కూర్చుంది. కూర్చుందంటే దాని పద్ధతిలోనే. లేచేది, రాళ్లు ఏరేది, మళ్లీ కూర్చునేది. క్రికెట్ పిల్లలు తమ స్టంపులు కూడా ఆ గదిలోనే దాచుకుంటారు. వాళ్లు వచ్చి లోపల ఎవరున్నారని అడిగారు. అడగకముందే పది జవాబులు చెప్పే పిల్ల, స్టంపులు నేను తెచ్చి ఇస్తాను, మీరు అక్కడే ఉండండి అంది. తెచ్చి ఇచ్చింది. మరునాడూ అంతే. మూడో రోజు స్నిగ్ధ పలక లోపల పెట్టి, బయటికి వచ్చి, మెట్టు మీద రెండో చివర కూర్చుంది. ఇద్దరి మధ్య ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంది. తరువాతి వారానికి ఒక పిల్లి పట్టేంత.

పంట పండుగ వచ్చింది. పొలాలు ఉన్నవాళ్లు బియ్యం, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చారు. పొలాలు పోయి కంపెనీల్లో చేరినవాళ్లు తాము చేసేవి తెచ్చారు. సబ్బుల పెట్టె, బిస్కెట్ల అట్టపెట్టె, రెండు పైపులు. ఒక కోడి పైపులో దూరి, పాటకు లోపలి నుంచి శ్రుతి ఇచ్చింది.

వాక్య పఠనం బాలరాజ్ అని పాస్టరు గారు పిలిచారు. తెల్ల చొక్కా వేసుకొని ఆయన మైకు దగ్గరికి వెళ్లాడు. పుస్తకం తెరిచి వేలు పెట్టాడు. లారీలోంచి పైపులు దించినట్టు ఒక్కో మాటనూ జాగ్రత్తగా కింద పెట్టుకుంటూ చదివాడు. మూడు వరుసలు దాటాడు. నాలుగో వరుసలో ఒక ఊరి పేరు ఉంది. గూడ్సు బండి అంత పొడవు. అక్కడ ఆగిపోయాడు.

మొదటి అక్షరం అన్నాడు. మళ్లీ అదే అన్నాడు. చెవి పక్కన చెమట కారింది. ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. రోడ్డు అవతల చాయ్ హోటల్ కూడా వింటోంది.

ఆ అధ్యాయమంతా హర్షిణికి కంఠతా వచ్చు. దానికే పోయిన ఏడు ప్రైజు తెచ్చుకుంది. సందీప్ దాని వైపే చూస్తున్నాడు. నేనూ చూస్తున్నాను. దాని నోరు తెరుచుకుంది.

హర్షిణి నోరు మూసుకుంది. జడ రిబ్బను కొస పళ్ల మధ్య పెట్టుకొని గట్టిగా కొరికింది. రెండు పాదాలూ నేలకు నొక్కి పెట్టింది. చాప అంగుళం కదలలేదు. పక్కన స్నిగ్ధ తండ్రినే చూస్తూ, చేయి మాత్రం హర్షిణి మోకాలి మీద పెట్టింది.

అందరం ఆగాం. ఎవరూ దగ్గలేదు. ఎవరూ అందించలేదు. బాలరాజ్ ఊపిరి పీల్చుకొని, మళ్లీ మొదటి అక్షరం నుంచి ఎత్తుకొని, ఒక్కొక్కటే కలుపుకుంటూ, ఆ పేరును అక్షరం తప్పకుండా చదివేశాడు. మిగిలిన రెండు వరుసలూ చదివి పుస్తకం మూశాడు.

పిల్లలూ, అక్షరం తప్పకుండా అన్నాను చూశారా, అది నేను కల్పించింది. బాలరాజ్ ఆ రోజు చదివిన పేరుతో ఈ భూమి మీద ఏ ఊరూ లేదు. అసలు పేరు తెలిసినవాళ్లం అక్కడ పదిమందిమైనా ఉన్నాం. అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది మాత్రం హర్షిణే.